వెదికేవారికి మీ దుకాణం కనిపించుట ఎట్లు?

ఎరువుల దుకాణమైనా, మోటారు వైండింగు షెడ్డయినా, ట్రాక్టరు విడిభాగాల కొట్టయినా, మన రుణగ్రహీతలలో పలువురికి నేడు బేరం రెండు దారుల గుండా వస్తున్నది. ఒకటి ముఖపరిచయం, రెండవది చేతిలోని ఫోను. బోరు మోటారు కాలిపోయిన రైతు గట్టున నిలబడి "దగ్గరలో మోటారు రిపేరు" అని ఫోనులో పలుకుతాడు. తెరపై మొదట కనిపించిన రెండు మూడు పేర్లలో ఒకదానికి ఫోను చేస్తాడు. మీ షెడ్డు అక్కడికి రెండు కిలోమీటర్ల దూరంలోనే ఉన్నప్పటికీ ఆ వరుసలో లేనట్లయితే, అతడు మోటారును బండికెత్తించి పట్టణానికి పోతాడు. ఇటువంటి బేరాలు నెలకు పది తప్పిపోయినచో వాయిదా చెల్లింపు ఎంత భారమగునో మీకు వేరుగా చెప్పనవసరం లేదు.

ఇందుకు వ్యాసాలు రాయించాలనీ, వీడియోలు తీయించాలనీ, నెలకు ఇంత అని చెల్లిస్తే సర్వం తామే చూసుకుంటామనీ చెప్పేవారు మీ వద్దకు వచ్చే ఉంటారు. దూరప్రాంతాలకు సరకు పంపే వ్యాపారులకు అవి ఉపకరించవచ్చును. పది పదిహేను గ్రామాలకు అమ్మకం సాగించే దుకాణానికి మాత్రం వాటి అవసరం బహు స్వల్పం. స్థానిక దుకాణాలను వరుసలో చూపేటప్పుడు తాము ప్రధానంగా మూడు విషయాలను పరిగణిస్తామని గూగుల్ సంస్థ స్వయంగా ప్రకటించినది. అడిగినదానికి మీ వ్యాపారం ఎంతవరకు సంబంధించినది, అడిగినవారికి ఎంత దూరంలో ఉన్నది, దానికి ఎంత పేరు ఉన్నది అనేవే ఆ మూడు. వీటిలో వేటికీ మీ రచనాశక్తితో పనిలేదు.

మొదటి పని గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో మీ దుకాణాన్ని నమోదు చేయడం. 2021 వరకు దీనినే గూగుల్ మై బిజినెస్ అనేవారు. నమోదు పూర్తిగా ఉచితం కనుక, ఇందు నిమిత్తం రుణం కోరుతూ శాఖకు రానవసరం లేదు. దుకాణం నిజంగా మీదేనని నిర్ధారించుకొనుటకు వీడియో కోరవచ్చును. వీధి, బోర్డు, లోపలి సరకు, మీరు తాళం తీయుట మొదలైనవి అందులో కనిపించాలి. కాబట్టి ముందుగా బోర్డు చదవడానికి వీలుగా ఉన్నదో లేదో చూసుకొనండి.

దూరాన్ని మీరు మార్చలేరు, కాని పటంపై గుర్తు పడిన చోటును మార్చగలరు. ఇంటి నెంబర్లు సరిగా లేని గ్రామాలలో ఆ గుర్తు తరచుగా ఊరి నడిమధ్యకో, పక్క వీధికో పోయి పడుతుంది. మీ దుకాణం బైపాసు రోడ్డుపై ఉండగా గుర్తు రామాలయం వద్ద ఉన్నదనుకొనండి. వచ్చిన రైతు అక్కడ బండి ఆపి, నాలుగు ప్రక్కలా చూసి తిరిగిపోతాడు. ఫోను చేతబట్టుకొని దుకాణం గుమ్మంలో నిలబడి ఆ గుర్తును సరైన చోటికి జరపండి. పది నిమిషాల పని.

సంబంధం అనేది వర్గం ఎంపికపై చాలావరకు ఆధారపడి ఉంటుంది. ప్రొఫైల్‌లో ఒక ప్రధాన వర్గాన్నీ, తొమ్మిది వరకు అదనపు వర్గాలనూ ఎంచుకొనవచ్చును. "దుకాణం" అని ఊరుకొన్నవారు ఏ వెదుకులాటలోనూ ముందుకు రారు. మీకు అధిక ఆదాయం దేనివల్ల వస్తున్నదో దానినే ప్రధాన వర్గంగా ఉంచండి. ఎరువులే ప్రధానమైతే ఎరువులు, విత్తనాలూ పురుగు మందులూ అదనం. అమ్మని సరకును చేర్చడం వలన ప్రయోజనం శూన్యం. వచ్చినవాడు లేదనిపించుకొని పోయి, చెడ్డ మాట రాస్తాడు.

ఇక పేరు. మన ప్రాంతపు వ్యాపారులకు అధిక నష్టం ఇక్కడనే జరుగుతున్నదని మా అభిప్రాయం. తెలుగులో "శ్రీ లక్ష్మీ ట్రేడర్స్" ఒక్కటే. ఇంగ్లీషు అక్షరాలలో మాత్రం బోర్డుపై ఒక విధంగా, బిల్లు పుస్తకంలో మరొక విధంగా, జస్ట్‌డయల్‌లో వేరొక విధంగా ఉంటుంది. శ్రీకి ఒకచోట ఐ, ఒకచోట రెండు ఈలు. లక్ష్మికి ఒకచోట ఎక్స్, ఒకచోట కె, ఎస్, హెచ్. పైగా పాత ఫోను నెంబరు ఒకచోట మిగిలి ఉంటుంది. యంత్రం వీటిని వేర్వేరు దుకాణాలుగా భావించే అవకాశం ఉన్నది. ఎరువుల లైసెన్సు, జీఎస్టీ ధ్రువపత్రం, ఉద్యమ్ నమోదు, బ్యాంకు ఖాతా, బోర్డు, ఫోను పటం అన్నింటా ఒకే పేరు, ఒకే వర్ణక్రమం ఉండేటట్లు చూసుకొనండి. పేరు చివర "బెస్ట్ ఎరువులు చౌక ధర" వంటివి తగిలించరాదు. అది గూగుల్ నిబంధనలకు విరుద్ధం, ప్రొఫైల్‌ను నిలిపివేయవచ్చును.

చిరునామాలో జిల్లా పేరును కూడా పరిశీలించండి. 2016లో తెలంగాణలోనూ, 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లోనూ జిల్లాల పునర్విభజన జరిగినది. నరసరావుపేట గుంటూరు జిల్లా నుండి పల్నాడు జిల్లాకు, సిద్దిపేట మెదక్ నుండి తన పేరుతోనే ఏర్పడిన జిల్లాకు మారినవి. బోర్డుపై పాత జిల్లా, ఫోనులో కొత్త జిల్లా ఉన్న దుకాణాలు నేటికీ కొల్లలు.

పేరు సంపాదించడానికి రెండు మార్గాలున్నవి. మొదటిది ఖాతాదారుల అభిప్రాయాలు. ప్రొఫైల్ నుండి లభించే క్యూఆర్ కోడును అచ్చు వేయించి గల్లాపెట్టె వద్ద అంటించండి. పని సంతృప్తిగా ముగిసిన వెంటనే అడిగినచో కాదనేవారు అరుదు. డబ్బిచ్చి గాని, తగ్గింపు ఆశ చూపి గాని రాయించరాదు, అది నిషిద్ధం. రెండవ మార్గాన్ని మన డీలర్లు దాదాపు మరచినారనే చెప్పాలి. ఎరువుల, విత్తనాల, ట్రాక్టర్ల కంపెనీలు తమ వెబ్‌సైట్లలో డీలర్ల జాబితా ఉంచుతాయి. అందులో మీ పేరు, సరైన నెంబరు ఉన్నదా? లేనట్లయితే కంపెనీ ప్రతినిధి ఈసారి వచ్చినప్పుడు సరకు ఆర్డరుతో పాటు ఈ మాట కూడా అడగండి. పేరున్న కంపెనీ పుటలో మీ దుకాణం కనిపించడం మీరు రాయించే పది వ్యాసాలకంటె మేలు.

వేళలను సీజనుకు తగినట్లు మార్చుతూ ఉండండి. నాట్ల రోజులలో ఉదయం ఆరింటికే తలుపు తీస్తూ, ఫోనులో పది గంటలని ఉంచినచో, తెరచిన దుకాణం కొరకు వెదికేవారికి మీరు మూసి ఉన్నట్లే.

ప్రొఫైల్‌తో పాటు గూగుల్ ఇచ్చిన ఉచిత వెబ్‌సైట్లు 2024 మార్చిలో నిలిచిపోయినవి. వాటి చిరునామా మీ బోర్డుపైనో, విజిటింగు కార్డుపైనో ఇంకనూ ఉన్నట్లయితే తొలగించండి. "గూగుల్ నుండి మాట్లాడుతున్నాము, సొమ్ము కట్టకపోతే మీ దుకాణం పటం నుండి పోతుంది" అని వచ్చే ఫోన్లను నమ్మవద్దు. వరుసలో మెరుగైన స్థానాన్ని గూగుల్ సొమ్ముకు అమ్మదు. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు. మోసపోయినట్లయితే ఆలస్యం చేయక 1930కి ఫోను చేసి, మీ శాఖకు తెలియజేయండి.

చివరగా, ప్రొఫైల్ ఎవరి ఈమెయిలుపై ఉన్నదో విచారించండి. సెల్‌ఫోన్ల దుకాణంలోని యువకుడో, మేనల్లుడో తన ఈమెయిలుతో తెరచి ఉండడం సర్వసాధారణం. మీ స్వంత ఈమెయిలును ప్రధాన యజమానిగా చేర్పించి, అతనిని నిర్వాహకునిగా ఉంచవచ్చును. అతడు ఉద్యోగార్థమై హైదరాబాదుకో, బెంగుళూరుకో వెళ్లకముందే ఈ మార్పు చేయించుకొనండి.