నేతగాడూ వడ్రంగీ చుట్టాలెలా అయ్యారు?

లాటిన్‌లో 'టెక్సెరే' అనే క్రియకు నేయడం, అల్లడం అని అర్థం. మనం రోజూ అనే టెక్స్‌టైల్, టెక్స్ట్ బుక్‌లోని టెక్స్ట్ రెండూ అందులోంచి వచ్చినవే. బట్టను నేసినట్టే మాటల్నీ నేస్తారని రోమన్లు అనుకున్నారు కాబట్టి రచనకూ అదే పేరు దక్కింది. ఇంతవరకు తేలికే. చిక్కంతా ఆ క్రియకున్న చుట్టాలతో వస్తుంది. సంస్కృతంలో 'తక్ష' ధాతువుకు చెక్కడం అని అర్థం; తక్షకుడంటే పాము పేరే కాదు, వడ్రంగి కూడా. గ్రీకులో 'టెక్టోన్' అన్నా వడ్రంగే, ఆర్కిటెక్ట్ అన్న మాటలో ఉన్నది ఆయనే. పాత జర్మన్‌లో 'డెహ్సా' అంటే గొడ్డలి. గొడ్డళ్ల ఇంట్లో ఈ మగ్గం మాట ఎలా పుట్టింది?

ఏటూరునాగారం చుట్టుపక్కల కోయగూడేల్లో పాతకాలపు ఇంటి గోడ కట్టే తీరు చూస్తే బోధపడుతుంది. ముందు అడవి కర్ర నరికి, చెక్కి, గుంజలు పాతుతారు. వెదురును నిలువునా చీల్చి, బద్దల్ని గుంజల మధ్య ఒకసారి ముందు నుంచి, ఒకసారి వెనక నుంచి పోనిస్తూ తడిక అల్లుతారు. దానికి రెండు వైపులా తొక్కిన మట్టి మెత్తి అలుకుతారు. వానకు పెళ్ల ఊడినచోట లోపలి అల్లిక బయటపడుతుంది. ఇందులో వడ్రంగం ఎక్కడ ఆగింది, నేత ఎక్కడ మొదలైంది? చేసే చేతులు అవే, లేచే గోడా ఒకటే.

భాషావేత్తలు ఊహించిన మూలధాతువు 'టెక్స్' సరిగ్గా ఇక్కడే నిలుస్తుంది. గొడ్డలితో పని చేయడం, మట్టిగోడకు తడిక అల్లడం, ఈ రెంటినీ దాని అర్థాలుగా భాషావేత్త కాల్వర్ట్ వాట్కిన్స్ చెప్పాడు. గ్రీకు, సంస్కృతాలు చెక్కే పనిని పట్టుకున్నాయి. లాటిన్ అల్లికను పట్టుకుంది. అయినా పాత వాసన పూర్తిగా పోలేదు: కొయ్యతో ఓడలు కట్టడానికి కూడా రోమన్ కవి వర్జిల్ ఈ క్రియనే వాడాడు.

ఏటూరునాగారం అడవిలో పెరిగే టేకుకు శాస్త్రీయ నామం 'టెక్టోనా గ్రాండిస్' కదా, అదీ ఈ వడ్రంగి చుట్టమేనా అని అడగొచ్చు. కాదు. 1782లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ కొడుకు ఆ పేరు పెట్టినప్పుడు గ్రీకు పోలిక కుదిరింది గానీ, లోపల ఉన్నది మలయాళ 'తేక్కు'. మన టేకుకు తోబుట్టువైన ఆ మాటే పోర్చుగీసు వాళ్ల నోట 'టెకా' అయి యూరప్‌కు చేరింది.