పల్లం కొలిచిన పటంలో వాడ ఎక్కడ?

‘నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు’ అన్నది మన సామెత. ఇప్పుడు పల్లాన్ని డ్రోను కూడా ఎరుగును. గ్రామంపై ఎగిరి తీసిన ఛాయాచిత్రాల నుంచి ఏ స్థలం ఎంత ఎత్తులో ఉందో, వాన నీరు ఎటు పారుతుందో కొద్ది అంగుళాల తేడాతో చెప్పగలిగే రోజులు వచ్చాయి. రోడ్డు వేయాలన్నా, లేఅవుట్‌ గీయాలన్నా, కాల్వ తవ్వాలన్నా ఆ ఎత్తుల పటమే తొలి ఆధారం. అయితే ఆ పల్లంలో నివసిస్తున్నది ఎవరు, వారిని అక్కడికి చేర్చినది ఏమిటి అన్న ప్రశ్నలకు పటంలో చోటు లేదు. నేల ఎత్తుపల్లాలను కులపు ఎత్తుపల్లాల నుంచి విడదీసి చూడడమే మన అభివృద్ధి ప్రణాళికలలోని మూల దోషమని నా అభిప్రాయం.

భూగోళశాస్త్రం బోధించే నేను కొంతకాలం క్రితం విద్యార్థులతో కలిసి కృష్ణా డెల్టాలోని ఒక గ్రామానికి వెళ్లాను. బయలుదేరే ముందు, 2000 ఫిబ్రవరిలో అమెరికా అంతరిక్ష నౌక ఎండీవర్‌ రాడార్‌తో సేకరించిన, నేడు ఎవరికైనా ఉచితంగా లభించే ఎత్తుల సమాచారంతో ఆ గ్రామ పటం గీశాం. ఊరంతా దాదాపు ఒకే రంగులో, సమతలంగా కనిపించింది. ఆ సమాచారంలో కొన్ని మీటర్ల మేర తేడా ఉండవచ్చు. డెల్టా గ్రామంలో ఎత్తుపల్లాల వ్యత్యాసం అంతకంటే తక్కువ. కనుక ఆ పటం దృష్టిలో ఊరూ, వాడా సమానమే. తర్వాత ఆటో లెవెల్‌, స్టాఫ్‌ పట్టుకొని వీధి వీధీ కొలిచాం. గుడి, పెద్దవీధి మెరకపై ఉన్నాయి. మాలపల్లె, మాదిగపల్లె వద్దకు వచ్చేసరికి నేల నడుము లోతు దిగింది. ఊరి మురుగు కాల్వ ఆ వాడల అంచునే ఆగిపోయింది. వేరొక ఊరి దళితవాడ నుంచి వచ్చిన మా విద్యార్థిని ఒకరు, ‘ఈ సంగతి మా అమ్మమ్మకు లెవెల్‌ లేకుండానే తెలుసు సార్‌, వానాకాలం మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టేది’ అన్నది.

నీటి వాలు కులంతో ముడిపడి ఉన్న సంగతి తెలుగు నేలకు కొత్త కాదు. 1985 జులైలో కారంచేడు మారణకాండకు తక్షణ కారణం మాదిగలు తాగే చెరువు వద్ద తలెత్తిన తగాదా. గేదెల కుడితి బకెట్లు కడిగిన మురికి తమ తాగునీటిలో కలుస్తున్నదని అభ్యంతరం చెప్పడంతో మొదలైన ఆ తగాదా ఆరుగురి ప్రాణాలు తీసింది.

డ్రోను పనితీరును ఈ నేపథ్యంలో అర్థం చేసుకోవాలి. ఒకదానిపై ఒకటి కొంత మేర పరుచుకొనేలా వందలాది ఛాయాచిత్రాలు తీసి, నేలపై ముందే కొలిచి పెట్టిన గుర్తులతో వాటిని సరిచూసి ఎత్తులను లెక్కిస్తారు. మొదట వచ్చే నమూనాలో ఇళ్ల కప్పులు, చెట్ల కొమ్మలు కూడా ఉంటాయి. కాల్వలు, రోడ్ల రూపకల్పనకు వట్టి నేల ఎత్తు కావాలి గనుక ఇళ్లను, చెట్లను సాఫ్ట్‌వేర్‌ ద్వారా తొలగిస్తారు. సాంకేతికంగా ఇది అవసరమే. కానీ గుడిసెలు తొలగిన ఆ నమూనాయే ప్రాజెక్టు నివేదికలో చేరినప్పుడు, ఊరు చూడని అధికారికి అది ఖాళీ పల్లపు భూమిగా తోచే ప్రమాదం ఉంది.

హద్దుల విషయంలో చిక్కు మరింత లోతైనది. 2020 ఏప్రిల్‌లో కేంద్రం గ్రామాల నివాస స్థలాల కోసం స్వామిత్వ పథకాన్ని, అదే ఏడాది డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌ ప్రభుత్వం సమగ్ర భూముల రీసర్వేను ప్రారంభించాయి. పాత గొలుసు కొలతలను సరిదిద్దడం మంచిదే. అయితే డ్రోను కొలిచేది ఈనాడు కంటికి కనిపించే గట్టును. అసైన్డ్‌ పట్టా పొందిన దళితుని పొలంలోకి పక్క ఆసామి ఏటా ఒక నాగలి చాలు చొప్పున గట్టు జరుపుతూ వచ్చి ఉంటే, ఆ జరిగిన గట్టునే అది సెంటీమీటర్ల కచ్చితత్వంతో నమోదు చేస్తుంది. కచ్చితత్వం వేరు, న్యాయం వేరు. ప్రహరీ లేని శ్మశానం ఆకాశం నుంచి ముళ్లపొదల బీడుగా కనిపిస్తుంది. పొలం కౌలుదారు ఎవరో పైరు చెప్పదు.

దళితులకు పంచిన భూమిలో అధిక భాగం ప్రభుత్వం చేతిలో మిగిలిన బంజర్ల నుంచి వచ్చినదే. ఆ కొద్దిపాటి భూమీ చేతులు మారిపోతుండటం వల్లనే 1977లో అసైన్డ్‌ భూముల బదిలీ నిషేధ చట్టం అవసరమైంది. 2016లో అమరావతి భూసమీకరణలో అసైన్డ్‌, లంక భూముల సాగుదారులకు పట్టా రైతుల కంటే తక్కువ ప్రతిఫలం నిర్ణయించారు. ఆకాశం నుంచి చూస్తే ఇద్దరి పంటా ఒకే పచ్చదనం. ఉత్తర్వులో మాత్రం రెండు ధరలు. అంటే పల్లం చవక కావడం ప్రకృతి ధర్మం కాదు, రికార్డు చేసిన పని. చవక గనుకనే చెత్త డంపు, మురుగు కుంట, పేదల ఇళ్ల స్థలాలు అక్కడికే చేరతాయి. పక్కన కొత్త లేఅవుట్‌ను మట్టి పోసి మెరక చేస్తే అక్కడ నిలవవలసిన నీరు వాడలోకి వస్తుంది.

ఇది సాంకేతికతను నిరాకరించే వాదన కాదు. ఎత్తుల పటం దళితవాడకు బలమైన సాక్ష్యం కాగలదు. అందుకు కొన్ని షరతులు ఉండాలి. ప్రతి ప్రాజెక్టు ఎత్తుల పటంపై వాడలు, శ్మశానాలు, కాలిబాటలు, అనుభవదారుల భూములు గుర్తించి తీరాలి. ఆ పటాన్ని తెలుగులో, సచివాలయం గోడపైనే గాక వాడలో కూడా ప్రదర్శించి గ్రామసభ జరపాలి. పాత ఎఫ్‌ఎంబీ కొలత కంటే అసైన్డ్‌ భూమి తగ్గినట్లు తేలితే, రుజువు చేసుకునే భారం గట్టు జరిపిన వారిపైనే ఉండాలి. మెరక చేసే ముందు ఆ నీరు ఎవరి ఇంటికి పోతుందో లెక్కించి ప్రకటించాలి.

విద్యార్థులకు ఒక మనవి. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్‌ సెన్సింగ్‌ కేంద్రం నిర్వహించే భువన్‌ పోర్టల్‌లో మీ ఊరి ఉపగ్రహ చిత్రం దొరుకుతుంది. దానిని అచ్చు వేసి వాడకు తీసుకెళ్లండి. వాన పడినప్పుడు నీరు ఎక్కడ నిలుస్తుందో, పాత హద్దు రాయి ఎక్కడ ఉండేదో పెద్దలను అడిగి దానిపై గుర్తించండి. రీసర్వే నోటీసు వచ్చిన రోజున వాడ చేతిలో ఉండవలసిన కాగితం అదే.