రిజిస్టర్‌లో ఆ పద్నాలుగు ఖాళీ గడులు

నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. సొంతూరు ప్రొద్దుటూరు. ఆఫీసులో ఎన్ని పనులున్నా దసరాకి ఊరికి రావాల్సిందే. మా ఊరి దసరా చూసినవాళ్లకి ఎందుకో చెప్పక్కర్లేదు. అలా ఒక దసరాకి వచ్చినప్పుడు మా పిన్ని కూతురు ఒక రిజిస్టర్ పట్టుకొని ఇంటికొచ్చింది. అక్క బీఎస్సీ నర్సింగ్ చదివి, జమ్మలమడుగు వైపు ఒక పల్లెలో విలేజ్ హెల్త్ క్లినిక్‌లో పనిచేస్తుంది.

"ఒరే, నువ్వు కంప్యూటరోడివి గదా, ఈ లెక్క కొంచెం చూడు" అంది.

క్యాంపులో బీపీ ఎక్కువుందని తేలిన 40 మంది వివరాలవి. మొదటిరోజు రీడింగ్ ఒక గడిలో, మూడు నెలల తర్వాత రీడింగ్ పక్క గడిలో. మధ్యలో మాత్రలు ఇచ్చారు, ఉప్పు తగ్గించమన్నారు, నడవమన్నారు. ఫలితం ఉందా లేదా? అక్క మీటింగులో చెప్పాలి.

నాకది పది నిమిషాల పని. అన్నీ ఎక్సెల్‌లో ఎక్కించా. 14 మందికి రెండో గడి ఖాళీగా ఉంది. ఖాళీలుంటే చార్ట్ బాగుండదని ఆ వరసలన్నీ డిలీట్ చేసేశా. మిగిలిన 26 మందికి బీపీ చక్కగా తగ్గింది. రంగురంగుల చార్ట్ వేసిచ్చా. అక్క సంతోషపడింది. నేను ఇంకా ఎక్కువ సంతోషపడ్డా.

సంక్రాంతి దాటి నెలైందేమో, ఒక రాత్రి ఫోన్ చేసింది. "మనం వేసిన చార్ట్ తప్పురా. ఆ పద్నాలుగు మంది యాడికి పోయినారు?"

ఫోన్‌లోనే పాఠాలు

ఈ మధ్యలో అక్క ఒక ఆన్‌లైన్ కోర్సులో చేరింది. పేరు 'హెల్త్ రీసెర్చ్ ఫండమెంటల్స్'. చెన్నైలో ఐసీఎంఆర్‌కి చెందిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎపిడెమియాలజీ వాళ్లు ఎన్‌పీటీఈఎల్ ద్వారా నడిపే కోర్సు. ఎనిమిది వారాలు. చేరడానికి డబ్బు కట్టక్కర్లేదు, పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకోవాలంటేనే ఫీజు. డ్యూటీ అయ్యాక, పిల్లలు పడుకున్నాక ఫోన్‌లో వీడియోలు చూసేది. అందులో ఫాలో-అప్‌కి రానివాళ్ల గురించిన పాఠం విన్నాక తనకి నిద్ర పట్టలేదట.

మర్నాటి నుంచి ఆశా కార్యకర్తను వెంటబెట్టుకుని ఆ 14 ఇళ్లకీ తిరిగింది. కొందరు కూలి పనులకి వేరే ఊళ్లకి పోయారు. ఒకాయన కువైట్‌లో ఉన్నాడు. కొందరు "తల తిరగడం లేదు గదమ్మా" అని మాత్రలు మానేశారు. ఒక పెద్దాయనకి పై రీడింగ్ 190 దాటింది. అదేరోజు ఆయన్ని ఆస్పత్రికి పంపించింది.

నేను డిలీట్ చేసిన వరసల్లో ఆయన వరస కూడా ఉంది.

తగ్గిందంతా మందు వల్లేనా?

రెండో తప్పు ఇంకా తమాషాది. ఎవరికీ బీపీ రోజూ ఒకేలా ఉండదు. క్యాంపు రోజు ఎండలో నడిచొచ్చో, కంగారులోనో మామూలుకన్నా ఎక్కువ చూపించినవాళ్లు కూడా ఆ 40 మందిలో ఉంటారు. వాళ్లకి మందివ్వకుండా మళ్లీ కొలిచినా ఎంతో కొంత తగ్గే కనిపిస్తుంది. స్టాటిస్టిక్స్‌లో దీన్ని 'రిగ్రెషన్ టు ద మీన్' అంటారు. తల్లిదండ్రుల ఎత్తుల్ని, పిల్లల ఎత్తుల్ని పోల్చి 1886లోనే గాల్టన్ చెప్పిన సంగతి ఇది. ఇంజనీరింగ్‌లో ప్రాబబిలిటీ పేపర్ మంచి మార్కులతో పాసైన నాకు ఆరోజు ఇది గుర్తుకే రాలేదు.

కొలతలో కూడా తప్పులుంటాయి. అక్క ఇది చెప్పినప్పుడు నాకు ప్రొద్దుటూరు బంగారు అంగళ్లు గుర్తొచ్చాయి. త్రాసే తేడాగా ఉంటే వెయ్యిసార్లు తూచినా సరైన తూకం రాదు. బీపీ అయినా అంతే. ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోబెట్టి, వీపుకి ఆనుడు ఇచ్చి, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి, కనీసం రెండుసార్లు చూడాలి. మనిషి రాగానే పట్టీ బిగించి రాసుకున్న అంకెల్ని ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు.

పోలిక లేకపోతే

ఇంకో ఉదాహరణ. పులివెందుల వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ మాట వినని వాళ్లుండరు. మోకాళ్ల నొప్పులున్న వందమందిని పిలిచి "మీరు బోరు నీళ్లే తాగుతారా?" అని అడిగితే ఎక్కువమంది అవుననే అంటారు. అంతమాత్రాన నీళ్లే కారణమని తేలిపోదు. అదే ఊళ్లో, అదే వయసులో, నొప్పుల్లేని వాళ్లని కూడా అదే ప్రశ్న అడగాలి. వాళ్లూ బోరు నీళ్లే తాగుతుంటే అసలు కారణం వేరే ఉండొచ్చు. నీళ్లని పరీక్ష చేయించాలి, ఊరికీ ఊరికీ పోల్చాలి.

ఇలాంటి పని మన తెలుగు పల్లెల్లో ఎప్పుడో జరిగింది. నెల్లూరు జిల్లాలో ఎముకలు బిగుసుకుపోయే జబ్బుకీ, తాగునీటిలోని ఫ్లోరైడ్‌కీ సంబంధం ఉందని షార్ట్, పండిట్, రాఘవాచారి 1937లో రాశారు. మనదేశంలో ఫ్లోరోసిస్ గురించి వచ్చిన తొలి నివేదికల్లో అదొకటి. ఆ పండిట్ గారే తర్వాత ఐసీఎంఆర్‌కి మొదటి డైరెక్టర్ అయ్యారు. జబ్బు కనిపించింది పల్లెలోనే, సమాధానం దొరికిందీ పల్లెలోనే.

ఎవరు, ఎక్కడ నేర్చుకోవచ్చు?

డాక్టర్లయితే తప్పించుకునే వీలు లేదు. మెడికల్ పీజీ విద్యార్థులకీ, మెడికల్ కాలేజీ అధ్యాపకులకీ 'బేసిక్ కోర్స్ ఇన్ బయోమెడికల్ రీసెర్చ్' తప్పనిసరి. 2019లో మొదలైన ఈ ఆన్‌లైన్ కోర్సుని నడిపేదీ ఆ చెన్నై సంస్థే. నర్సులు, ఫార్మసిస్టులు, ల్యాబ్ టెక్నీషియన్లు, ఫిజియోథెరపిస్టులకి అలాంటి నిబంధన లేకపోయినా, అక్క చేసినలాంటి కోర్సులు ఉన్నాయి. వైద్యం కోసం మన జిల్లావాళ్లు బస్సెక్కే వేలూరు సీఎంసీలో బయోస్టాటిస్టిక్స్‌కి ప్రత్యేకంగా ఒక విభాగమే ఉంది.

సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు. స్టాటిస్టిక్స్ చేసేవాళ్లు వాడే 'ఆర్' ఉచితమే.

ఇబ్బందులు లేవని కాదు. పాఠాలు ఇంగ్లీషులో ఉంటాయి. తెలుగు మీడియంలో చదివిన అక్క ఒక్కో వీడియో రెండుమూడుసార్లు చూసేది. ఎనిమిది వారాల్లో ఎవరూ స్టాటిస్టీషియన్ అయిపోరు కూడా. పెద్ద అధ్యయనం చేయాలంటే మొదలుపెట్టకముందే ఆ విద్య తెలిసినవాళ్లని అడగాలి, ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకోవాలి. అన్నట్టు, రోగుల పేర్లతో సహా అన్నీ నా ల్యాప్‌టాప్‌లో ఎక్కించుకోవడం కూడా తప్పేనని అక్క ఆ కోర్సులోనే తెలుసుకుంది. ఫైల్ నా చేతనే తీసేయించింది.

తర్వాత మీటింగులో అక్క నా చార్ట్ చూపించలేదు. "40 మందిలో 26 మందే తిరిగొచ్చారు. రాని 14 మందిని వెతికితే తెలిసింది ఇదీ" అని మొదలుపెట్టిందట. పోల్చడానికి వేరే గుంపు లేదు కాబట్టి, తగ్గిందంతా తమ గొప్పేనని చెప్పలేమని కూడా అంది.

ఇప్పుడు నాకు వేరే పని అప్పజెప్పింది. చార్ట్ కాదు. పేర్ల బదులు నంబర్లతో ఒక షీట్. గడువు దాటినా రానివాళ్ల నంబరు ఎర్రగా కనిపించాలి. అంతే.

మీ ఇంట్లో నర్సో, డాక్టరో, ల్యాబ్ టెక్నీషియనో ఉంటే ఈ కోర్సుల సంగతి చెప్పండి. ఆ ఎనిమిది వారాలు రాత్రిపూట వంటింటి పని మీరు చూసుకుంటే ఇంకా మంచిది. మా బావ అదే చేశాడు.