గుండె బ్లాకులు కషాయంతో కరగవు

అల్లం, వెల్లుల్లి, నిమ్మరసం, యాపిల్ సిడర్ వెనిగర్, తేనె కలిపి కాచి నెల రోజులు తాగితే గుండె బ్లాకులన్నీ కరిగిపోతాయట, ఆపరేషనే అక్కర్లేదట. ఏళ్ల తరబడి వాట్సాప్‌లో తిరుగుతున్న ఈ మాట నమ్మి, స్టెంటు వేయించుకున్నవాళ్లు కూడా మాత్రలు పక్కన పెడుతున్నారు. స్టెంటు పడిన తొలి నెలల్లో, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ సొంతంగా ఆపేస్తే ఆ లోహపు జాలీలోనే రక్తం గడ్డకట్టి ప్రాణం మీదికి రావచ్చు.

రక్తనాళాన్ని కొళాయి గొట్టంలా, కొవ్వును దాని లోపల పట్టిన జిడ్డులా ఊహించుకోవడంతోనే తప్పు మొదలవుతుంది. ఆ కొవ్వు నాళం లోపలి పొర కింద, గోడలోనే పేరుకుంటుంది. పైన పీచులాంటి కవచం, చాలాచోట్ల సున్నం కూడా ఉంటాయి. పులుపు తాగితే రక్తం పుల్లబడదు. దాని పిహెచ్ 7.35–7.45 దాటకుండా ఊపిరితిత్తులు, మూత్రపిండాలు కాపలా కాస్తాయి. కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర ఎక్కువ మోతాదులో రెండేళ్లు వాడినా బ్లాకు తగ్గేది కొద్దిగానే. కొవ్వు ముద్ద పగిలి, అక్కడ రక్తం గడ్డకట్టకుండా చూడటమే ఆ మాత్ర చేసే అసలు మేలు.

వెల్లుల్లి పనిచేస్తుందని కుందేళ్ల మీద రుజువైందిగా అని కొందరు వాదిస్తారు. 1913లో రష్యాలో అనిచ్‌కోవ్ కుందేళ్లకు కొలెస్టరాల్ తినిపించి నాళాల్లో కొవ్వు పేరుకునేలా చేశాడు. అలాంటి కుందేళ్లకు వెల్లుల్లి కూడా పెడితే ఆ పేరుకోవడం కొంత తగ్గిందని తర్వాతి ప్రయోగాలు చెప్పాయి. మనిషిలో ఇరవై ఏళ్లుగా గట్టిపడిన బ్లాకు సంగతి వేరు. పైగా కొలెస్టరాల్ తినిపిస్తే ఆకులు తినే కుందేలు ఒంట్లో అది విపరీతంగా పెరుగుతుంది, ఎలుకలో అంతగా పెరగదు. జపాన్‌లో అకిరా ఎండో 1970లలో కనిపెట్టిన తొలి స్టాటిన్ ఎలుకల్లో పనిచేయలేదు, గుడ్లు పెట్టే కోళ్లలో పనిచేసింది. ఒక్క జంతువును చూసి మందు తేల్చేస్తే ఇలాగే దెబ్బతింటాం.

ఒకటి మాత్రం ఒప్పుకోక తప్పదు: బీట్‌రూట్ రసం నాళాలను నిజంగానే సడలిస్తుంది. 1980లో రాబర్ట్ ఫర్చ్‌గాట్ కుందేలు బృహద్ధమని ముక్కలకు ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం తగిలించి చూశాడు. లోపలి పొర ఉన్న ముక్క సడలింది, ఆ పొర గీకేసిన ముక్క సడలలేదు. పొర నుంచి వెలువడేది నైట్రిక్ ఆక్సైడ్ అని తర్వాత తేలింది. ఆ పరిశోధనకు 1998లో నోబెల్ వచ్చింది. బీట్‌రూట్‌లోని నైట్రేటును నాలుక మీది బ్యాక్టీరియా నైట్రైటుగా మారుస్తుంది, అది ఒంట్లో నైట్రిక్ ఆక్సైడ్ అవుతుంది, బీపీ కొన్ని పాయింట్లు దిగుతుంది. అంతవరకే. నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ పనిచేసేదీ ఇదే దారిలో: నొప్పి తగ్గుతుంది, బ్లాకు అలాగే ఉంటుంది.

చల్లటి నీళ్లు తాగితే నాళాల్లో కొవ్వు గడ్డకడుతుందన్నది ఒట్టి మాట. గుండెపోటులో గట్టిగా దగ్గితే బతుకుతామన్నది ప్రాణాలు తీసే మాట. ఆ నిమిషంలో చేయాల్సింది 108కి ఫోన్.

వెల్లుల్లి చారులో వేసుకోండి, ఎవరూ వద్దనరు. మోతాదు పెంచి మందులా తాగాలనుకుంటే డాక్టరుకు చెప్పండి, రక్తం గడ్డకట్టకుండా వేసుకునే మాత్రలతో కలిస్తే రక్తస్రావం పెరగొచ్చు. రోజూ నడవండి, రక్తం జోరుగా పారేకొద్దీ లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ ఎక్కువ తయారుచేస్తుంది. సిగరెట్ ఆ పొరనే పాడుచేస్తుంది, మానేయండి. స్టాటిన్ వల్ల కండరాలు నొప్పిగా ఉంటే మోతాదో మాత్రో మార్చమని అడగండి. పన్ను పీకించుకోవాల్సి వచ్చినా సరే, స్టెంటు వేసిన డాక్టరును అడగకుండా క్లోపిడోగ్రెల్ ఒక్కపూట కూడా ఆపొద్దు.