మట్టికుండ చెప్పిన సాక్ష్యం

హరప్పాలోని ఒక శ్మశానవాటికలో దొరికిన మట్టిఘటాలపై నెమళ్ళు చిత్రితమై ఉన్నవి. ఘటాల లోపల మృతుల అస్థికలు! ఆత్మను పరలోకానికి మోసుకొనిపోయే పక్షులు అవేనని త్రవ్వకాలు జరిపిన మాధోస్వరూప్ వత్స్ భావించాడు. సుందరమైన ఊహే, కాని ఊహగానే నిలిచిపోయింది. భూగోళానికి ఆవలివైపున, పెరూ దేశంలో మాత్రం, కుండపై వ్రాసిన పక్షికి ప్రత్యక్ష సాక్ష్యం లభించింది.

ఆండీస్ పర్వతాలకు, పసిఫిక్ మహాసముద్రానికి నడుమ సన్నని ఎడారి ఉన్నది. దాని ఉత్తర భాగాన, నదీలోయలలో, సుమారు క్రీ.శ. 100 నుండి 800 వరకు మోచే ప్రజలు వర్ధిల్లారు. వారికి లిపి లేదు. చెప్పదలచినదానిని మట్టిలో మలచారు; మీగడరంగు పూతపై ఎర్రని సన్నగీతలతో చిత్రించారు. గుర్రపు రికాబువలె వంగిన మూతిగల ఆ కూజాలపై గుడ్లగూబలు, బాతులు, కాండోర్ రాబందులు, హమ్మింగ్ పక్షులు కనిపిస్తాయి. కొన్ని పక్షులు ఆయుధాలు ధరించి యుద్ధానికి బయలుదేరుతాయి!

వీటిలో ఒక దృశ్యం పదేపదే వస్తుంది. బంధితుల కంఠాలనుండి రక్తం తీస్తారు. పక్షిరూపం ధరించిన ఒకడు కిరణాలు వెలిగే ప్రభువుకు పానపాత్ర అందిస్తాడు. ఇది దేవతల పురాణగాథ కాబోలునని చాలాకాలం పలువురు తలచారు.

1987లో సిపాన్ గ్రామం వద్ద దొంగలు ఒక సమాధిని కొల్లగొట్టారు. వార్త తెలిసి పురాతత్త్వవేత్త వాల్టర్ ఆల్వా అక్కడ త్రవ్వకాలు ప్రారంభించాడు. బంగారు ఆభరణాలతో ఒక ప్రభువు బయటపడ్డాడు. సమీపంలోని మరొక సమాధిలో గుడ్లగూబ ముఖంగల కిరీటంతో, పానపాత్రతో ఒక పురోహితుడు కనిపించాడు. ఈ వేషాలను కుండలపై బొమ్మలతో పోల్చి చూసిన క్రిస్టఫర్ డొనాన్, దృశ్యంలోని పాత్రలు వీరేనని గుర్తించాడు. పక్షిమానవుడు కల్పన కాడు; పక్షివేషం ధరించిన మనిషి. 1990 దశకంలో మోచేల చంద్రాలయం వద్ద కంఠాస్థులపై కత్తిగాట్లున్న కళేబరాలు బయల్పడి, ఆ బలి కూడ నిజమేనని చాటినవి.

ఈ సాక్ష్యం పలికినది కుండ ఒక్కటే కాదు. కుండా, సమాధీ కలిసి పలికినవి. దొంగచేతిలోపడి విపణికి చేరిన కూజాపై పక్షి చెక్కుచెదరక నిలువవచ్చు. కాని అది ఎవరి తలాపున ఉండెనో, ఏ అస్థికలకు తోడై ఉండెనో ఇక ఎవరూ చెప్పలేరు. లిపిలేని జాతికి మట్టి పొరలే పుటలు. చింపిన పుటను తిరిగి అతికించడం అసాధ్యం.