కొండెక్కనంటున్న కారు
ఇంజను దించే ముందు చూడవలసినవి ఎన్నో

తిరుపతి: అలిపిరి వరకు బాగానే పరుగెత్తిన కారు ఘాట్ రోడ్డు ఎక్కగానే ఆయాసపడుతుంది. యాక్సిలరేటరు అడుగంటా తొక్కినా వేగం రాదు. మూడో గేరు నుంచి రెండో గేరుకు దించినా లాగదు. వెనక బస్సులు హారన్లు మోగిస్తుంటాయి. 'బండికి పికప్ పోయింది' అని డ్రైవర్లు వాపోయేది ఈ అవస్థ గురించే.

1944లో మొదటి ఘాట్ రోడ్డు, 1974లో రెండవది ఏర్పడిన నాటినుంచి తిరుమల కొండ కార్ల ఇంజన్లకు పరీక్ష పెడుతూనే ఉంది. చదును రోడ్డుపై దాగి ఉన్న లోపం ఎక్కుడులో బయటపడక మానదు. అయితే ఆ లోపం ఏమిటో తేల్చకుండా సామాన్లు మార్చుకుంటూ పోవడం వల్ల వాహనదారుల జేబులు ఖాళీ అవుతున్నాయి.

యాత్రికులను కొండకు చేరవేసే ఒక టాక్సీ డ్రైవరుకు ఎదురైన అనుభవం ఇందుకు ఉదాహరణ. ఆయన పెట్రోలు కారు ఘాట్‌లో లాగడం మానేసింది. ఒక షెడ్డులో ప్లగ్గులు మార్చారు. ఫిల్టరు మార్చారు. చివరకు ఇంజను దించి బోరు చేయించాలన్నారు. వాయిదాలు తీరని బండికి అది నెలల సంపాదన. బండి షెడ్డులో ఉన్నన్నాళ్లూ ఇల్లు గడవడమూ కష్టమే. దిక్కుతోచక ఆయన ఒక పాత మేస్త్రీని ఆశ్రయించాడు.

"ఇంజను దించాలంటా ఉండారు మేస్త్రీ" అని మొరపెట్టుకుంటే, "ఇంజను సంగతి తర్వాత చూద్దాంలే నాయనా, ముందు చక్రాలు చూడనీ" అన్నాడాయన.

ముందు చక్రాలు, క్లచ్చి

పికప్ పోయిన ప్రతి బండికీ ఇంజను లోపం ఉండనక్కరలేదు. కొద్దిపాటి వాలులో న్యూట్రల్‌లో వదిలితే బండి తనంతట తాను కదలాలి. కదలకపోతే బ్రేకులు పట్టేస్తున్నట్లు లెక్క. కొంత దూరం నడిపి ఆపాక ఒక చక్రం మాత్రమే వేడి కక్కుతుంటే అనుమానం తీరినట్లే. ఇక రేస్ ఇస్తే ఇంజను మోత పెరిగి, బండి వేగం మాత్రం పెరగకపోతే క్లచ్చి జారుతున్నది. కాలిన వాసన కూడా వస్తుంది. ఈ రెండింటికీ ఇంజను విప్పితే దండుగ ఖర్చే.

గాలి, పెట్రోలు, నిప్పు

ఆ తర్వాత ఇంజనుకు అందవలసిన మూడింటిని చూడాలి. గాలి ఫిల్టరు తీసి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే దుమ్ము ఎంత పేరుకుందో తెలుస్తుంది. పెడల్ కింద మడతపడిన మ్యాటు అడ్డుపడి యాక్సిలరేటరు పూర్తిగా దిగని సందర్భాలూ ఉన్నాయి.

పెట్రోలు ఫిల్టరు పూడినా, పంపు బలహీనపడినా బండి చదునులో బాగానే నడుస్తుంది. ఎక్కుడులో ఇంజను ఎక్కువ పెట్రోలు అడుగుతుంది గనుక అక్కడ మొరాయిస్తుంది. పంపు ప్రెషరును గేజితో కొలవాలి గాని ఊహించరాదు. 2014లో తయారీ నిలిచిపోయిన అంబాసిడర్ కార్లలో ఇంజను వేడికి గొట్టంలోనే పెట్రోలు ఆవిరైపోయేది. పంపుపై తడిగుడ్డ వేసి, చల్లారాక మళ్లీ బయలుదేరడం ఆనాటి డ్రైవర్లకు అలవాటే.

నిప్పు, అంటే ప్లగ్గుల స్పార్కు సరిగా లేకపోతే ఇంజను 'మిస్సింగ్' ఇస్తుంది, వణుకుతుంది. నేటి కార్లలో ముందున్న చెక్ ఇంజన్ దీపం వెలుగుతుంది. స్కానరు పెడితే ఒక కోడ్ వస్తుంది. అయితే ఆ కోడ్ లోపం ఎటువైపు ఉన్నదో చెబుతుందే తప్ప, ఏ సామాను మార్చాలో చెప్పదు.

ఊపిరి ఉందా, లేదా?

ఇంజను దించాలా వద్దా అన్నది తేల్చేది కంప్రెషన్ పరీక్ష. పెట్రోలు, స్పార్కు సరఫరా ఆపి, ప్లగ్గులన్నీ తీసి, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొడుతూ ఒక్కొక్క సిలిండరుకు గేజి పెట్టాలి. ఒకటి బాగా తక్కువ చూపితే ప్లగ్గు రంధ్రంలో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. అంకె పెరిగితే రింగులు అరిగాయి. పెరగకపోతే వాల్వులనో, హెడ్ గ్యాస్కెట్‌నో అనుమానించాలి. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లు పడిపోతే గ్యాస్కెట్‌పైనే అనుమానం ఎక్కువ.

టాక్సీ డ్రైవరు కారులో బ్రేకులు, క్లచ్చి, పెట్రోలు ప్రెషరు సరిగానే ఉన్నాయి. సిలిండర్లన్నీ ఇంచుమించు ఒకే అంకె చూపాయి. అంటే బోరు అవసరమే లేదు.

పొగ పోయే దారి

మేస్త్రీ చివరగా వాక్యూమ్ గేజి తగిలించాడు. ఆరోగ్యంగా ఉన్న ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు గేజి ముల్లు సాధారణంగా 17-21 అంగుళాల మధ్య నిలకడగా ఉంటుంది. నిమిషానికి 2500 చుట్ల వేగంతో తిప్పి ఉంచితే, ఈ కారులో ముల్లు మెల్లగా దిగజారింది. పొగ బయటికి పోవడం లేదనడానికి అది గుర్తు.

పొగ గొట్టంలోని క్యాటలిటిక్ కన్వర్టరును విప్పి చూస్తే తేనెతుట్టె వంటి దాని లోపలి భాగం కరిగి ముద్దయింది. కొన్నాళ్ల కిందట కాయిల్ ఒకటి చెడి మిస్సింగ్ ఇస్తున్నా, దీపం మినుకుమినుకుమంటున్నా ట్రిప్పులు పోతాయని బండిని అలాగే తిప్పానని డ్రైవరు ఒప్పుకున్నాడు. మండని పెట్రోలు పొగ గొట్టంలోకి చేరి, అక్కడ మండి కన్వర్టరును కరిగించింది. తర్వాత కాయిల్ మార్పించినా అప్పటికే జరగవలసిన నష్టం జరిగిపోయింది.

కన్వర్టరు కూడా చవకైనది కాదు. అలాగని అది తీసేసి ఖాళీ గొట్టం పెట్టించుకుంటే బండి కాలుష్యం వెదజల్లడమే కాక పొల్యూషన్ పరీక్షలోనూ చిక్కులు తప్పవు. ఆయన కొత్తదే వేయించుకున్నాడు. ఇంజను విప్పకుండానే బండి తిరిగి కొండెక్కింది.

మినుకుమనే దీపాన్ని ఒక్కరోజు కూడా ఉపేక్షించకపోవడం వాహనదారులు చేయగలిగిన మొదటి పని. ఎవరైనా ఇంజను దించాలంటే, ఏ సిలిండరు ఎంత కంప్రెషన్ చూపిందో కాగితంపై రాసిమ్మని అడగడం రెండవది. గేజి పెట్టకుండా ఆ అంకెలు చెప్పడం ఎవరి తరమూ కాదు.