పూర్తిగా సరిపోలని దాత కూడా ప్రాణదాతే

తగ్గని జ్వరం, పాలిపోయిన ముఖం, చిగుళ్ల నుండి రక్తం, దెబ్బ తగలకుండానే ఒంటిపై నీలి మచ్చలు. జగ్గయ్యపేటలోనో నందిగామలోనో చేయించిన రక్తపరీక్షలో తేడా కనిపించగానే చిల్లకల్లు వంటి గ్రామాల కుటుంబాలు బిడ్డను తీసుకొని హైదరాబాదుకో విజయవాడకో బయలుదేరుతాయి. అక్కడ తేలే వ్యాధి ఒక్కోసారి అక్యూట్ లుకేమియా, అంటే ఎముక మజ్జలో పుట్టి వేగంగా ముదిరే రక్తక్యాన్సర్. పిల్లల్లో అధికులు మందులతోనే కోలుకుంటారు. మందులకు లొంగనివారికి, వ్యాధి తిరగబెట్టినవారికి మాత్రం మూలకణాల మార్పిడి అవసరమవుతుంది. మన దేశంలో ఈ చికిత్స 1983లో ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో మొదలైంది.

అయితే కణాలు ఎవరివ్వాలి? రక్తం గ్రూపు కలిస్తే చాలదు. కణాలపై ఉండే హెచ్.ఎల్.ఎ. గుర్తులు కలవాలి. ఇవి సగం తల్లి నుండి, సగం తండ్రి నుండి సంక్రమిస్తాయి. కనుక ఒక తోబుట్టువుతో పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతే. బంధువు కాని దాతలో ముఖ్యంగా ఎనిమిది గుర్తులు పరిశీలిస్తారు. ఒక్కటి తేడా వచ్చినా దాత కణాలు రోగి చర్మం, కాలేయం, పేగులపై దాడి చేసే ముప్పు పెరుగుతుంది. అందుకే పూర్వం ఎందరో రోగులకు దాత దొరకక ఆ మార్గమే మూసుకుపోయేది.

ఈ స్థితిని సైక్లోఫాస్ఫమైడ్ అనే పాత మందు మార్చింది. కణాలు ఎక్కించిన మూడవ, నాలుగవ రోజుల్లో దీనిని ఇస్తారు. రోగి శరీరంపై దాడికి సిద్ధమై వేగంగా పెరుగుతున్న కణాలు నశిస్తాయి. మూలకణాలలో ఈ మందును విరిచే ఎంజైము ఉన్నందున అవి బతికిపోతాయి. అమెరికాలో 80 మంది రక్తక్యాన్సర్ రోగులకు, ఎనిమిదింట నాలుగు నుండి ఏడు గుర్తులే కలిసిన బయటి దాతల మజ్జను ఎక్కించి, ఈ పద్ధతిని పరీక్షించారు. 2021లో వెలువడిన ఫలితాల ప్రకారం ఏడాది తర్వాత 76 శాతం మంది జీవించి ఉన్నారు. ఇన్ఫెక్షన్లు, వ్యాధి తిరగబెట్టడం వంటి ముప్పులు ఇంకా ఉన్నాయి. కానీ మూసుకుపోయిన ద్వారం తెరుచుకుంది.

సగం కలిసిన తల్లిదండ్రులు, సంతానం కూడా నేడు దాతలు కాగలరు. వారు వృద్ధులైనా, అనారోగ్యంతో ఉన్నా, వారి కణాలను రోగి శరీరం తిరస్కరించేలా ఉన్నా బయటి యువదాతే ఆధారం. 2009లో చెన్నైలో ఆరంభమైన దాత్రి వంటి సంస్థలు అటువంటి దాతల పేర్లు నమోదు చేస్తున్నాయి. నమోదుకు బుగ్గ లోపలి నుండి దూదిపుల్లతో తీసిన నమూనా చాలు. దాతగా ఎంపికైతే కొద్దిరోజులు ఇంజెక్షన్లు తీసుకొని, కొన్ని గంటలు యంత్రం పక్కన పడుకోవాలి. ఒళ్లునొప్పులు ఉంటాయి, అవి తగ్గిపోతాయి. ఇచ్చిన కణాలను శరీరం మళ్లీ తయారుచేసుకుంటుంది.

ధర్మపరమైన సందేహాలు సహజమే. పెద్దల మూలకణాలను వారి అనుమతితో, వారికి హాని కలగకుండా చికిత్స కోసం తీసుకోవడం ధర్మసమ్మతమేనని మక్కాలోని ఇస్లామీ ఫిఖ్ మండలి 2003 డిసెంబరులో తీర్మానించింది. రక్తమిచ్చినంత మాత్రాన వివాహాన్ని నిషేధించే పాలసంబంధం ఏర్పడదని అదే మండలి 1989లోనే స్పష్టం చేసింది. కనుక ఆడపిల్ల దాత అయితే పెళ్లికి ఆటంకమవుతుందన్న భయానికి ఆధారం లేదు.

ఒక ప్రాణాన్ని నిలబెట్టడం ఎంతటి సత్కార్యమో అల్ మాయిదా సూరాలోని 32వ ఆయత్ మనకు బోధిస్తోంది. అయితే పేరు నమోదు చేయించుకోవడం శిబిరంలో సంతకం పెట్టి మరచిపోయే పని కాదు. మార్పిడికి ముందు బలమైన మందులతో రోగి మజ్జను నిర్మూలిస్తారు. ఆ దశలో దాత వెనుకంజ వేస్తే రోగి ప్రాణమే ప్రమాదంలో పడుతుంది. ఆ సంతకం మన దగ్గర ఉన్న అమానత్. కనుక ఇంటిల్లిపాదీ ముందే కూర్చొని మాట్లాడుకుందాం. పిలుపు వచ్చిన రోజున మన బిడ్డను భయపెట్టి ఆపకుండా, దుఆతో సాగనంపుదాం.